చెక్కను వదలని చేతులు

చేపల కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఆరేళ్ళుగా తాళాలు మోసిన పెద్దాయనకు అందరూ పెట్టిన పేరు భరోసా. కుళాయి కారుతోందన్నా, కాటా ఒక పక్కకు ఒరిగిందన్నా, లారీ ఇంకా రాలేదన్నా ఆయన నోట ఒకటే మాట: "అల్లా మీద భరోసా ఉంచు." వినీ వినీ జనం ఆ మాటనే ఆయనకు తగిలించారు. అలా పిలిస్తే ఆయనకు కోపం రాదు సరికదా, లోలోపల ముచ్చటగానే ఉండేది.

ఆయన కోడలు కూడా అక్కడే పని చేసేది. పెట్టెల మీద చీటీలు అంటించడం, రెండు గంటలకోసారి చల్లగదిలో చలి ఎంతుందో చూసి పుస్తకంలో రాయడం ఆమె పని. ఇంట్లో ఆయన మామ, ఇక్కడ పై అధికారి. ఇంట్లో మింగిన మాటనే పనిలోనూ మింగాల్సి వచ్చేది. పెళ్ళయి పదకొండేళ్ళు. మింగడం బాగా అలవాటైంది.

చల్లగది తలుపుకు లోపలి వైపు ఒక పిడి ఉంటుంది. దాన్ని నెడితే బయటి గడియ ఊడి తలుపు తెరుచుకుంటుంది. ఆ పిడి మూడు వారాల కిందట విరిగి కోడలి చేతికే వచ్చింది.

"మెకానిక్కుకు ఫోన్ చేద్దామా మామయ్యా?"

"చేద్దాంలేమ్మా."

వారం పోయాక మళ్ళీ గుర్తుచేసింది. "ఇప్పుడు ఎవరు చిక్కుకుపోయారని? ఆయన చూసుకుంటాడు" అన్నాడు మామ, వేలు పైకి చూపిస్తూ. మూడోసారి చెప్పబోయి ఊరుకుంది. గోడకు చెప్పుకున్నా ఒకటే, ఆయనకు చెప్పుకున్నా ఒకటే. అప్పట్నుంచి ఎవరు లోపలికి వెళ్ళినా తలుపుకు ఒక ఖాళీ ప్లాస్టిక్ పెట్టె అడ్డం పెట్టి వెళ్ళేవాళ్ళు.

శుక్రవారం పన్నెండున్నరకే పని ఆపేస్తారు. మగవాళ్ళంతా జుమా నమాజుకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. మళ్ళీ తలుపులు తీసేది శనివారం ఉదయం ఏడింటికే. ఆ శుక్రవారం కోడలు బయటి గదిలో సంచి సర్దుకుంటూ గడియారం చూసింది. పన్నెండూ యాభై. ఇంటికెళ్ళి అత్తకు మందులివ్వాలి. నాలుగింటికి బడి దగ్గర కూతుర్ని తీసుకోవాలి. భర్త లారీ మీద వెళ్ళాడు, ఆదివారం గానీ రాడు. మామ చూస్తే ఇంకా చల్లగదిలోనే ఉన్నాడు.

చెప్పులు విడిచి రబ్బరు బూట్లు వేసుకుంది. దళసరి కోటు మామ ఒంటి మీదుంది కాబట్టి స్వెట్టరుతోనే తలుపు దాటింది. ఒక్క నిమిషం పనే కదా అనుకుంది.

"మామయ్యా, నమాజుకు వేళవుతోంది."

"వస్తున్నా. ఈ పై పెట్టె మీద తేదీ కనబడి చావడం లేదు. నువ్వు చూడు, నీ కళ్ళు మంచివి."

"నాకు అందదు మామయ్యా."

"ఆ ఖాళీ పెట్టె ఇలా తే. ఎక్కి చూద్దువుగాని."

పదకొండేళ్ళుగా ఆయన తెమ్మంటే తెచ్చింది, పెట్టమంటే పెట్టింది. చెయ్యి దానంతటదే వంగి పెట్టెను లాగింది. నాలుగడుగులు వేశాక గానీ తను తీసింది ఏ పెట్టెనో బుర్రకెక్కలేదు. వెనక్కి తిరిగేసరికి తలుపు తన బరువుకు తానే వచ్చి మూసుకుంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బయట గడియ టక్కున పడటం మాత్రం ఇద్దరికీ వినబడింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు మామే కళ్ళు దించుకున్నాడు.

కోడలు భుజంతో తలుపును గుద్దింది. పెట్టె ఎత్తి బాదింది. పిడి ఊడిన చోట మిగిలిన చిన్న ఇనప మొలను వేళ్ళతో తిప్పబోతే చర్మం దానికి అంటుకుని చురుక్కుమంది. గొంతు చించుకుని అరిచింది. ఆ గోడలు జానెడు మందం. లోపలి చలినే బయటికి పోనివ్వని గోడలు ఆమె కేకను పోనిస్తాయా? ఆమె ఫోను బయట సంచిలో ఉంది. మామ జేబులో ఫోను ఉంది గానీ దానిలో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. గది నాలుగు మూలలకూ తీసుకెళ్ళి, చెయ్యెత్తి, పెట్టెల మీదికెక్కి చూసింది. పది నిమిషాల్లో చలికి ఫోనే ఆరిపోయింది.

ఈలోగా మామ, నమాజుకు ముందు కడుక్కోవడానికి నీళ్ళు దొరకని చోట చేసినట్టు అరచేతులు గోడకు తాకించి మొహానికి, చేతులకు రాసుకుని, రెండు పెట్టెల వరసల మధ్య ఇరుకులో నమాజుకు నిలబడ్డాడు. నుదురు ఆనించిన ప్రతిసారీ నేల మీది మంచు పొడి కనుబొమలకు అంటుకుంటోంది. కోడలు తలుపుకు వీపు ఆనించి ఆయన్నే చూస్తూ నిలబడింది. ట్యూబులైటు ఒకటే గుయ్యిమంటోంది. వెనక గోడకున్న రెండు ఫ్యాన్లు ఆగకుండా చలిని మీదికి తోస్తున్నాయి. మైనస్ పద్దెనిమిది. మూడేళ్ళుగా రోజూ పుస్తకంలో రాసిన అంకె అది. దాని అర్థం ఈవేళ ఒంటికి తెలుస్తోంది.

నమాజు ముగించి ఆయన కోటు విప్పి ఆమె భుజాల మీద వేశాడు. వద్దంటే వినలేదు.

"కూర్చో తల్లీ. అరిచి ఓపిక పోగొట్టుకోకు. ఎవర్నో ఒకర్ని ఆయనే పంపుతాడు."

"ఎవర్ని మామయ్యా? రేపు పొద్దున ఏడింటిదాకా ఇటు వచ్చే మనిషెవరు?"

"అది మనకు తెలియాల్సిన పని లేదు."

పదకొండేళ్ళ మౌనం ఆ మాటతో పుటుక్కున తెగింది. ఆమె గొంతు పెంచలేదు. "పిడి విరిగినప్పుడు కూడా పంపాడు మామయ్యా. నన్నే పంపాడు. రెండుసార్లు పంపాడు. మీరే వినలేదు."

కోడలు ఒక అట్టపెట్టెను చింపి, ఆ అట్టల్ని ఆయన చొక్కాలోకి ముందూ వెనకా దోపింది. మామ ఒంటి మీద అలా చెయ్యి వెయ్యడం ఆమెకు అదే మొదటిసారి. ఇద్దరూ అట్టలు పరుచుకుని, మోకాళ్ళు ముడుచుకుని, భుజం భుజం ఆనించి కూర్చున్నారు. కాళ్ళ వేళ్ళు ముందు మండాయి, తర్వాత నొప్పెట్టాయి, తర్వాత ఉన్నాయో లేదో తెలియకుండా పోయాయి. మాట్లాడకపోతే నిద్ర ముంచుకొస్తోంది. నిద్రపోతే మళ్ళీ లేచేది లేదని ఇద్దరికీ తెలుసు.

"నీకు పడవ సంగతి తెలుసుగా" అన్నాడు మామ కొంతసేపటికి.

తెలియకేం. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన చేపల పడవ మీద పనిచేసేవాడు. గాలివానకు పడవ బోల్తాపడింది. ఏడుగురిలో ఆరుగురు గజ ఈతగాళ్ళు, ఆరుగురూ పోయారు. ఈత రాని ఈయన ఒక్కడే చేపల గది మూత చెక్క మీద తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

"ఈదినవాళ్ళు పోయారు. చేతకానివాణ్ణి నేను మిగిలాను. మనం చేసేదేముందమ్మా, అంతా ఆయన చేతిలో పని. ఆ రోజు నుంచీ నాకు ఆ నమ్మకం."

ఇదివరకు ఈ కథ విన్నప్పుడల్లా ఆమె తల ఊపేది. ఈసారి ఊపలేదు.

"చెక్కను పంపింది ఆయనే కావచ్చు మామయ్యా. పట్టుకున్నదెవరు? ఎంతసేపు పట్టుకున్నారు?"

"రాత్రంతా. పొద్దెక్కేదాకా."

"రాత్రంతా వదలకుండా పట్టుకున్నారు. మరి అది చెయ్యడం కాదా?"

ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, కాళ్ళ దగ్గరున్న పెట్టె మీది చీటీ కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె తను మరీ ఎక్కువ మాట్లాడానేమో అనుకుంది. అంతలో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు కథ చెప్పే గొంతు కాదు.

"ఆ చెక్క మీద ఇంకొకడికి చోటుంది."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నా జతగాడు. ఇద్దరం ఒకే రోజున పనిలో చేరాం. పడవ తిరగబడ్డాక వాడు నా దగ్గరిదాకా ఈదుకుంటూ వచ్చాడు. అలిసిపోయాడు. చెయ్యి చాపాడు. రెండుసార్లు నన్ను పేరు పెట్టి పిలిచాడు. వాడు కూడా పట్టుకుంటే చెక్క మునుగుతుందేమోనని భయపడ్డాను. నెట్టలేదమ్మా. నెట్టానని ఎవరూ అనలేరు. కానీ చెయ్యి ఇవ్వలేదు. నా చేతులు రెండూ చెక్కకే పెట్టుకున్నాను."

ఫ్యాన్ల హోరులో మాటలు సగం సగం వినబడుతున్నాయి. ఆమె దగ్గరికి జరిగింది.

"ఒడ్డున అందరూ దేవుడు నిన్ను కాపాడాడన్నారు. ఆ మాటే గట్టిగా పట్టుకున్నాను. నా చేతులే నన్ను కాపాడాయంటే, వాణ్ణి కాపాడనిది కూడా ఈ చేతులే అవుతాయి కదా. దానికంటే నేను చేసిందేమీ లేదు, అంతా పైవాడిదే అనుకుంటే నిద్ర పట్టేది. అలా అనుకుంటూ అనుకుంటూ అలవాటైపోయింది. కుళాయి దగ్గర కూడా అదే మాట, పిడి దగ్గర కూడా అదే మాట. ఇది మా అబ్బాయికి తెలియదు. మీ అత్తకు తెలియదు."

ఓదార్చాలో కోప్పడాలో ఆమెకు తెలియలేదు. ఇంత బరువు మోస్తూ ఈ మనిషి రోజూ నవ్వుతూ తాళాలు తిప్పుతూ ఎలా తిరిగాడో అనిపించింది. ఏమనాలో వెతుక్కుంటుండగానే ఫ్యాన్లు రెండూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

గదిలో నిశ్శబ్దం. చలి కావలసినంతకు చేరినప్పుడు మిషను తనంతట తాను ఆగుతుంది, మళ్ళీ కాస్త వేడెక్కితే మొదలవుతుంది. మామూలు సంగతే. కానీ ఆ నిశ్శబ్దంలో ఆమె తల పైకెత్తింది. ఫ్యాన్ల పక్కన, కప్పు నుంచి సన్నని తీగకు వేలాడుతూ చిటికెన వేలంత ఇత్తడి గొట్టం ఉంది. గదిలో చలి ఎంతో మిషనుకు చెప్పేది అదే. బయట ఆమె రోజూ చూసే అంకె అక్కణ్ణుంచి వచ్చేదే. గది మైనస్ పది దాటి వేడెక్కితే వీధి గోడ మీదున్న అలారం గంట మోగుతుంది.

"మామయ్యా, ఆ గొట్టాన్ని వెచ్చబరిస్తే?"

ఆయనకు వెంటనే అర్థమైంది. లేవబోయి గోడ పట్టుకున్నాడు. కాళ్ళు స్వాధీనంలో లేవు.

"ఒకటి చెప్పాలి" అంది ఆమె. "గొట్టం వేడెక్కితే గదే వేడెక్కిందనుకుంటుంది మిషను. ఇక ఫ్యాన్లు ఆగవు. ఇప్పుడున్న చలి చాలదన్నట్టు ఇంకా పెరుగుతుంది. గంట మోగేదీ లేనిదీ మనకు వినబడదు. మోగినా వీధిలో వినే మనిషి ఉండాలి. ఇవాళ కొట్లన్నీ మూసుంటాయి."

"ఊరికే కూర్చుంటే?"

"రేపు ఏడింటిదాకా ఉంటామని నాకైతే నమ్మకం లేదు."

మామ గొట్టం వైపు చూశాడు. "కొరివితో తల గోక్కున్నట్టే" అని గొణిగి, "పద" అన్నాడు.

ఖాళీ పెట్టె బోర్లించి, దాని మీద చేపల పెట్టె ఒకటి పెట్టారు. ఆమె ఎక్కితే గొట్టం మునివేళ్ళకు అందింది గానీ పట్టు దొరకలేదు. ఆయన పొడగరి. ఆమె వెనక నుంచి ఆయన నడుం పట్టుకుని ఆనిస్తే పైకెక్కి, గొట్టాన్ని అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. క్షణంలో ఫ్యాన్లు మళ్ళీ మొదలై గాలి తిన్నగా ఆయన మొహాన కొట్టింది. రెండు నిమిషాలు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అరచేతుల్లో అసలు వెచ్చదనం ఉంటేగా.

"నీ తలగుడ్డ ముక్క ఇవ్వు" అన్నాడు.

ఆమె తలకు చుట్టుకున్న గుడ్డ అంచు పళ్ళతో చించి ఇచ్చింది. పెదవులు ఇత్తడికి అంటుకోకుండా గొట్టానికి దాన్ని ఒక చుట్టు చుట్టి, తీగను వంచి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. పెట్టుకోబోతూ ఆగి కిందికి చూశాడు.

"ఇది నోట్లో పెట్టుకుంటే నేను ఆయన్ని పిలవలేను. నువ్వు పిలువు తల్లీ."

ఆమె ఆయన కాళ్ళను రెండు చేతులతో చుట్టి పట్టుకుని, ఆయన మోకాళ్ళకు నుదురు ఆనించి దువా మొదలుపెట్టింది. ఇంట్లో అత్త, మామ గట్టిగా దువా చేస్తుంటే ఆమె వంటగదిలో ఏదో పనిలో ఉండేది. వాళ్ళ వంతు పిలవడం, తన వంతు పని అనుకునేది. అందువల్ల పెద్ద పెద్ద మాటలేవీ నోటికి రాలేదు. "మేము చెయ్యగలిగింది చేస్తున్నాం. ఇదే మా దగ్గరుంది. వినేవాణ్ణి నువ్వు పంపు. నా కూతురు బడి దగ్గర నిలబడి ఉంటుంది" అని, మళ్ళీ అదే, మళ్ళీ అదే చెప్పుకుంది.

ఎంతసేపైందో తెలియలేదు. ఆయన కాళ్ళు మొదట వణికాయి. తర్వాత వణకడం మానేశాయి. అది మంచిది కాదని ఆమెకు తెలుసు. "మామయ్యా, దిగండి, కాసేపు నేనెక్కుతాను" అంది. ఆయన దిగలేదు. అందదుగా నీకు అన్నట్టు చెయ్యి మాత్రం ఊపాడు. ఒకసారి ఒరిగిపోబోయాడు. ఆమె భుజంతో ఎత్తి నిలబెట్టింది. నోటి చుట్టూ ఊపిరి గడ్డకట్టి తెల్లటి గడ్డం మరింత తెల్లబడింది.

ఉన్నట్టుండి లైటు ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగాయి.

చిమ్మచీకటి. కరెంటు పోయిందనుకుంది ఆమె. కరెంటు లేకపోతే గంటా లేదు. ఇంతసేపూ పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే.

"ఇక చాలు మామయ్యా. దిగండి. మోగదిక."

పెట్టె అంచు మీద కాలు మోపి, తడుముకుంటూ చెయ్యి పైకి చాపింది. ఆయన చేతులు రెండూ గొట్టాన్ని పట్టుకునే ఉన్నాయి. దవడ బిగుసుకునే ఉంది. ఆమె వేళ్ళు బుగ్గకు తగలగానే తల మెల్లగా అడ్డంగా ఊగింది. వదలనని.

ఆమె మళ్ళీ ఆయన కాళ్ళను చుట్టి పట్టుకుంది. అంతకుమించి ఆలోచించే ఓపిక లేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు వచ్చిన వెలుతురు కళ్ళల్లో గుచ్చింది. గుమ్మంలో ఎదురు వీధి మంగలి నిలబడి ఉన్నాడు.

తర్వాత ఆ మంగలే ఆసుపత్రి వరండాలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. నమాజు అయ్యాక కొట్లోనే బల్ల మీద నడుం వాల్చాడట. అలారం గంట ఒకటే మోత. అరగంట ఓర్చుకున్నాడు, గంట ఓర్చుకున్నాడు. మూడు కావస్తుండగా వీళ్ళను నాలుగు దులిపేద్దామని వచ్చాడు. షట్టరు సగం దించి ఉంది, తాళం లేదు, మనిషి లేడు. గంటకు స్విచ్చేదో తెలియక, గోడనున్న పెద్ద మీట కిందికి లాగి కరెంటంతా ఆపేశాడు. పీడ విరగడైందని వెనక్కి తిరిగాడు కూడా. చల్లగది తలుపు ముందు రెండు జతల చెప్పులు కనబడ్డాయి. "చెప్పులిక్కడుంటే కాళ్ళెక్కడ అనుకున్నానండీ" అనేవాడు.

కూతుర్ని బడి ఆయా తన ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కోడలికి రెండు కాలి వేళ్ళు నల్లబడి నెలకు గానీ మామూలు కాలేదు. మామకు పెదవులు, నాలుక చివర పుండ్లుపడ్డాయి. కుడి చేతి చూపుడు వేలు కొస తీసేయాల్సి వచ్చింది. పది రోజులు మాట లేదు, పాలూ జావా గొట్టంతో తాగాడు. మెకానిక్కు వచ్చి పిడి బిగించాడు. ఇరవై నిమిషాల పని.

విషయం తెలిసి యజమాని ఆసుపత్రికి వచ్చాడు. తలుపు ఎలా పడిందని అడిగితే, తనే పెట్టె తీశానని కోడలు చెప్పబోయింది. మామ ఆమెను ఆపి, కాగితం తెప్పించుకుని, కట్టు కట్టిన చేత్తో వంకరటింకరగా రాసిచ్చాడు: "పిడి విరిగిందని నాకు చెప్పింది. నేను బాగుచేయించలేదు. తప్పు నాది." యజమాని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి నెల నుంచి తాళాలు వేరొకరికి ఇచ్చాడు. కోడలు బాధపడితే, "ఇవ్వాల్సిందే" అని మాత్రం అన్నాడు మామ.

మాట వచ్చిన మూడో రోజు ఆయన ఆమెను పిలిచాడు. "నాతో ఒకచోటికి వస్తావా?"

ఎక్కడికని ఆమె అడగలేదు. ఊరి అవతలి వైపు, మెట్లు విరిగిన ఒక మేడ కింది గదిలో ఒక ముసలామె బట్టలు కుడుతూ ఉంది. పడవ మీద పోయిన జతగాడి చెల్లెలు. ఒకే ఊళ్ళో ఉంటూ నలభై ఏళ్ళలో మామ ఆ వీధిలో అడుగు పెట్టలేదు. కోడలు గుమ్మం దగ్గరే ఆగింది. ఆయన లోపల స్టూలు మీద కూర్చుని, ఇంకా పూర్తిగా తిరగని నాలుకతో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. చెక్క గురించి, చోటు గురించి, చాపిన చెయ్యి గురించి.

కుట్టుమిషను ఎప్పుడో ఆగిపోయింది. ముసలామె సూది కిందున్న గుడ్డను వేళ్ళతో సరిచేస్తూ చాలాసేపు కూర్చుంది.

"అన్నయ్య ఏమైనా అన్నాడా?"

"నన్ను పిలిచాడు. రెండుసార్లు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది. కూర్చోలేదు.

"ఇవాళ ఇంతకంటే వినలేను. రేపు రా. అన్నయ్య పడవ మీద ఎలా ఉండేవాడో, ఏం తినేవాడో, ఎవరితో నవ్వేవాడో అన్నీ చెప్పు. అవన్నీ తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు."

క్షమించానని అనలేదు. ఆయన అడగనూ లేదు.

మర్నాడు మామ ఒక్కడే వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో కోడలు ఎప్పుడూ అడగలేదు.